భోజనం ఆర్డరు చేసే ఇంగ్లీషుకు కోబిల్డ్ నిఘంటువు: ఒక సమీక్ష

విదేశాలకు చదువుకు వెళ్ళే మన విద్యార్థులలో చాలామంది ఇంగ్లీషు పరీక్షల్లో మంచి మార్కులే తెచ్చుకుంటారు. వారు వ్యాసం రాయగలరు, వార్తలు విని అర్థం చేసుకోగలరు, తాము చదవబోయే విషయం గురించి ధారాళంగా మాట్లాడగలరు. అయినా అక్కడి హోటలు కౌంటరు ముందు నిలబడి కాఫీయో, రొట్టె ముక్కలో, కాసిని మంచినీళ్ళో అడగవలసి వచ్చేసరికి వాక్యం మధ్యలో ఆగిపోతుంది. కాఫీకి ముందు 'ఎ' పెట్టాలా, అక్కర్లేదా, బ్రెడ్డుకు ముందు 'సమ్' అనాలా, 'ఎ స్లైస్ ఆఫ్' అనాలా అని లోపల తర్జనభర్జన జరుగుతుండగా వెనుక వరుసలో ఉన్నవారు ముందుకు జరుగుతారు. వ్యాకరణ పుస్తకాలు ఆర్టికల్స్‌ను ఒక అధ్యాయంలోనూ, కొలత మాటలను మరెక్కడో ఒక పట్టికలోనూ చెప్పి ఊరుకుంటాయి కాని, భోజనం అడిగేవాడికి ఆ రెండూ కలిసి ఒకటే ప్రశ్న: ఈ పదార్థాన్ని ఎంత మేరకు, ఏ రూపంలో అడుగుతున్నాను? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నా స్పోకెన్ ఇంగ్లీషు తరగతుల్లో నేను వాడిన పుస్తకాల్లో అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చింది కాలిన్స్ సంస్థ ప్రచురించే కోబిల్డ్ నిఘంటువు. దాన్ని ఈ ఒక్క పనికి, అంటే భోజనం ఆర్డరు చేసే ఇంగ్లీషుకు, ఎంతవరకు నమ్ముకోవచ్చో ఇక్కడ పరిశీలిస్తాను.

ముందుగా పుస్తకం సంగతి. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయర్ నాయకత్వంలో, కాలిన్స్ ప్రచురణ సంస్థ ఆర్థిక సహాయంతో 1980లో మొదలైన పరిశోధన నుంచి ఈ నిఘంటువు పుట్టింది. తొలి ముద్రణ 1987లో వచ్చింది. పండితుడు ఊహించి రాసిన ఉదాహరణలకు బదులు, నిజంగా జనం రాసిన, మాట్లాడిన ఇంగ్లీషును పెద్ద ఎత్తున కంప్యూటరులో పోగుచేసి, అందులో ప్రతి మాటా ఎలా ప్రవర్తిస్తున్నదో చూసి అర్థాలు రాయడం ఆ కాలానికి కొత్త పద్ధతి. దానికన్నా నాకు విలువైనది ఇంకొకటి ఉంది. మిగిలిన నిఘంటువులు మాట పక్కన అర్థాన్ని తెగిపోయిన పదబంధంగా ఇస్తే, కోబిల్డ్ ప్రతి అర్థాన్నీ పూర్తి వాక్యంగా ఇస్తుంది. ఆ మాటను వాక్యంలో పెట్టి చూపిస్తుంది కాబట్టి దానికి ముందు ఆర్టికల్ వస్తుందో రాదో, అది బహువచనంలో నిలుస్తుందో లేదో, దాని వెనుక 'ఆఫ్' వస్తుందో లేదో అర్థం చదువుతుండగానే కంటబడుతుంది. చదివేవారు సాధారణంగా ఆ వాక్యం నుంచి అర్థం మాత్రం ఏరుకొని మిగిలినదాన్ని వదిలేస్తారు. మన పనికి కావలసింది ఆ మిగిలినదే.

కాఫీ మాటనే తీసుకుందాం. కోబిల్డ్ మొదట ఆర్టికల్ లేకుండా మొదలుపెట్టి, కాఫీ అంటే వేడినీటితో, కాఫీ పొడితో చేసే పానీయమని చెబుతుంది. వెంటనే ఇంకో చిన్న వాక్యం చేరుస్తుంది: 'ఎ కాఫీ ఈజ్ ఎ కప్ ఆఫ్ కాఫీ.' ఈ వాక్యాన్ని నేను నల్లబల్ల మీద రాసి ఎంతసేపైనా మాట్లాడగలను. అందులో కాఫీ అనే మాట రెండుసార్లు వచ్చింది. మొదటిసారి దానికి ముందు 'ఎ' ఉంది, రెండోసారి లేదు. మొదటిది కప్పులో పోసి ఇచ్చే ఒక వస్తువు, రెండోది కప్పులో పోయడానికి ముందు ఉన్న ద్రవం. మధ్యలో ఉన్న 'కప్ ఆఫ్' అనే కొలత ఆ ద్రవానికి హద్దు గీస్తుంది; హద్దు గీసిన తరువాత దాన్ని లెక్కపెట్టవచ్చు. మాట్లాడేవారికీ వినేవారికీ కప్పు సంగతి ముందే తెలిసిన చోట ఆ కొలత మాటను వదిలేసి, దాని పనిని 'ఎ' ఒక్కదానికే అప్పగించవచ్చు. అందుకే కేఫులో 'ఎ కాఫీ, ప్లీజ్' అంటే సరిపోతుంది కాని, కిరాణా కొట్లో అదే మాట అంటే ఎదుటివాడు ఆగి చూస్తాడు, ఎందుకంటే అక్కడ కాఫీ కప్పులో ఉండదు, పొట్లంలోనో సీసాలోనో ఉంటుంది. కాఫీ లెక్కపెట్టగలిగే నామవాచకమా, లెక్కపెట్టలేనిదా అని పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్న అడుగుతుంటారు. ఆ ప్రశ్నే సరిగా లేదు. ఎవరు, ఎక్కడ, ఏ పాత్రలో పోసి అమ్ముతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. కోబిల్డ్ ఇలాంటి మాటలకు రెండు విధాలా నడిచే నామవాచకమని ప్రత్యేకంగా గుర్తు పెడుతుంది. టీ మాట దగ్గరకూడా కప్పు టీని 'ఎ టీ' అనవచ్చునని విడిగా చెబుతుంది.

మన భాషలో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనవాళ్ళకు ఇది ఎప్పటికీ పట్టుబడదని కొందరు ఉపాధ్యాయులు చెబుతుంటారు. నేను ఒప్పుకోను. ఆర్టికల్ లేకపోయినా, పదార్థానికి హద్దు గీసే పనిలో తెలుగు ఎవరికీ తీసిపోదు. చిటికెడు ఉప్పు, చెంచాడు పంచదార, గరిటెడు పప్పు, గుప్పెడు అటుకులు, దోసెడు పల్లీలు, చారెడు బియ్యం, గిన్నెడు పాయసం, కడవెడు నీళ్ళు అని మనం పాత్రకో, చేతికో ఒక ప్రత్యయం తగిలించి కొలత చేసుకుంటాం. పాత తరంలో సోలెడు, తవ్వెడు, మానెడు, కుంచెడు అని కొలతలు వరుసగా నోటికి వచ్చేవి. గ్లాసు వేరు, గ్లాసుడు వేరు అన్న తేడా తెలుగు పిల్లవాడికి ఎవరూ పాఠంగా చెప్పనక్కర్లేదు. కోబిల్డ్‌లో 'గ్లాస్' మాట తెరిచి చూడండి. తాగడానికి వాడే పాత్ర అని ఒక వాక్యం ఉంటుంది. ఆ పాత్రలో ఉన్నదాన్ని కూడా 'ఎ గ్లాస్ ఆఫ్' అని చెప్పవచ్చునని దాని వెంట ఇంకో వాక్యం ఉంటుంది. మనం ప్రత్యయంతో చేసే పనిని ఇంగ్లీషు 'ఆఫ్'తో చేస్తుంది, అంతే. చిటికెడుకు సమానమైన 'పించ్' దగ్గర కూడా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టేంత అని కోబిల్డ్ వివరిస్తుంది. ఈ రెండు మాటలను పక్కపక్కన చదివిన విద్యార్థికి కొలత మాటల పట్టిక కంఠస్థం చేసే అవసరం చాలావరకు తగ్గిపోతుంది.

ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. తెలుగులో నీళ్ళు, పాలు బహువచనాలు: నీళ్ళు వచ్చాయి, పాలు పొంగాయి అంటాం. ఇంగ్లీషులో ఇవి రెండూ ఏకవచనపు క్రియనే కోరుకుంటాయి. అటువైపు 'ఫ్రైస్' ఎప్పుడూ బహువచనమే కాబట్టి 'వన్ ఫ్రెంచ్ ఫ్రైస్' అన్న మన అలవాటు అక్కడి చెవికి ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. 'సమ్ ఫ్రైస్' అనాలి, లేదా అమెరికాలో 'యాన్ ఆర్డర్ ఆఫ్ ఫ్రైస్' అనాలి. మరీ ముఖ్యమైనది 'ఒక' అన్న మాట. మనం 'ఒక కాఫీ' అని ఆలోచించి 'వన్ కాఫీ' అంటాం. అది తప్పు కాదు. ఒక కాఫీ, రెండు టీలు అని లెక్క చెప్పేటప్పుడు ఇంగ్లీషువారూ అలాగే అంటారు. ఒక్కటే అడిగేటప్పుడు మాత్రం 'వన్' అంటే సంఖ్యను ఒత్తి చెప్పినట్టవుతుంది, రెండు కాదు సుమా అన్నట్టు. అక్కడ మామూలుగా వినిపించేది 'ఎ'. కోబిల్డ్‌లో 'ఎ' కింద ఇచ్చిన వివరణలు చాలా ఎక్కువ కాబట్టి, భోజనానికి పనికివచ్చేవాటిని ఉపాధ్యాయుడు ముందుగా గుర్తు పెట్టి ఇవ్వడం మంచిది.

కొలత మాటలకు ఈ నిఘంటువు బాగా అక్కరకు వచ్చే చోటు రొట్టె. 'బ్రెడ్' దగ్గర మొదలుపెట్టి, అక్కడినుంచి 'లోఫ్', 'స్లైస్', 'టోస్ట్' అనే మాటలకు వెళ్ళి చూడండి. లోఫ్ అంటే ఒక్క ముద్దగా చేసి కాల్చిన రొట్టె అనీ, ఒకరికన్నా ఎక్కువమందికి సరిపోయేదనీ, ముక్కలుగా కోసుకునేదనీ వాక్యంలోనే తెలుస్తుంది. స్లైస్ అంటే పెద్ద దాని నుంచి కోసిన పలుచని ముక్క అనీ, రొట్టెకే కాక మాంసానికి, పండుకు కూడా ఆ మాట వాడవచ్చనీ తెలుస్తుంది. టోస్ట్ దగ్గర అసలైన విశేషం ఉంది. కాల్చిన రొట్టె అన్న అర్థంలో అది లెక్కపెట్టలేని మాట. లెక్కపెట్టగలిగే 'ఎ టోస్ట్' అంటే ఎవరి గౌరవార్థమో గ్లాసు పైకెత్తి తాగడం. కాబట్టి ఉదయం పలహారానికి 'టూ టోస్ట్స్' అడిగితే వడ్డించేవారు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు కాని, మాట మాత్రం వేరొకటి అవుతుంది; 'టూ స్లైసెస్ ఆఫ్ టోస్ట్' అనో, 'సమ్ టోస్ట్' అనో అడగాలి. న్యూయార్కు వెళ్ళేవారు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. అక్కడి పిజ్జా కొట్లో 'ఎ స్లైస్' అంటే చాలు, పిజ్జా అన్న మాటే అక్కర్లేదు. మొత్తం పిజ్జా కావాలంటే 'ఎ పై' అంటారు. కొలత మాటే పదార్థం పేరుగా మారిపోయిన సందర్భం ఇది. బ్రిటన్‌లో టీ ఇచ్చేటప్పుడు 'వన్ షుగర్ ఆర్ టూ?' అని అడగడం కూడా ఇటువంటిదే. ఒక షుగర్ అంటే ఒక చిన్న చెంచాడు పంచదార లేదా ఒక పంచదార బిళ్ళ అని కోబిల్డ్ విడిగా ఒక అర్థం ఇచ్చి చూపిస్తుంది. పంచదార లెక్కపెట్టలేని మాటని బడిలో నేర్చుకున్న పిల్లవాడు ఆ ఒక్క అర్థం చదివితే ఇంగ్లీషు మీద భయం కొంత తగ్గుతుందని నా నమ్మకం.

కోడి సంగతి అందరికీ తెలిసిందే అయినా చెప్పక తప్పదు. 'చికెన్' కింద కోబిల్డ్ ముందు బహువచనంలో పక్షుల గురించి చెప్పి, తరువాత ఆర్టికల్ లేకుండా ఏకవచనంలో దాని మాంసం గురించి చెబుతుంది. 'ఐ విల్ హ్యావ్ ఎ చికెన్' అంటే మొత్తం కోడిని తెమ్మన్నట్టు. 'సమ్ చికెన్' అంటే వండిన మాంసం కొంత. 'ఎ పీస్ ఆఫ్ చికెన్' అంటే ఒక ముక్క. ఇక్కడ ఒక్క 'ఎ' వల్ల పళ్ళెంలోకి వచ్చేదే మారిపోతుంది. అయితే 'ఎ చికెన్ బిర్యానీ' అనడంలో తప్పు లేదు, ఎందుకంటే అక్కడ 'ఎ' కోడికి చెందదు, ఒక వడ్డనగా లెక్కకు వచ్చే బిర్యానీకి చెందుతుంది. ఈ తేడాను విద్యార్థులు ఒకసారి గ్రహించాక గొర్రె, చేప, గుడ్డు మాటలను తామే వెతికి చూసుకుంటారు.

ఆర్టికల్ తీసేస్తే అర్థం తలకిందులయ్యే చోటు ఇంకొకటుంది, దాని మీద శ్రద్ధ పెట్టేవారు తక్కువ. మనం 'కొంచెం అన్నం' అనుకొని 'లిటిల్ రైస్' అంటాం. ఇంగ్లీషులో 'ఎ లిటిల్ రైస్' అంటే కొంచెం అన్నం. 'ఎ' లేని 'లిటిల్ రైస్' అంటే అన్నం దాదాపు లేదని, ఉన్నది చాలదని. 'ఎ ఫ్యూ చిప్స్', 'ఫ్యూ చిప్స్' మధ్య కూడా ఇదే దూరం. కోబిల్డ్ ఈ రెండు వాడుకలనూ వేర్వేరుగా, వేర్వేరు ఉదాహరణలతో చూపుతుంది. బడిలో ప్రశ్నలకు 'ఎనీ' వాడాలని నేర్పిన సూత్రం కూడా భోజనాల బల్ల దగ్గర పనిచేయదు. 'కుడ్ ఐ హ్యావ్ సమ్ మోర్ రైస్?' అన్నది రూపంలో ప్రశ్న అయినా, నిజానికి అభ్యర్థన. దొరుకుతుందన్న నమ్మకంతో అడిగేటప్పుడు 'సమ్' వస్తుంది. మన పెళ్ళి భోజనాల్లో మారు అడిగినట్టు అక్కడ రెండోసారి వడ్డించమనడానికి 'ఎ సెకండ్ హెల్పింగ్' అంటారు. హెల్పింగ్ అంటే ఒకసారి వడ్డించేంత అని నిఘంటువు చెబుతుంది, పోర్షన్ అంటే ఒకరి భోజనంలో వారికి వచ్చే భాగం అని చెబుతుంది. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న సన్నని తేడా ఆ వాక్యాల్లో బాగా పట్టుబడింది.

ఇంతవరకు పొగిడాను. ఇక నిఘంటువు మనల్ని వదిలేసే చోటుకు వస్తాను. అది 'ది'. మెనూ చదివి అందులో ఉన్న ఒక వంటకాన్ని ఎంచుకునేటప్పుడు ఇంగ్లీషువారు చాలాసార్లు 'ఐ విల్ హ్యావ్ ది సూప్', 'ఐ విల్ హ్యావ్ ది మసాలా దోసా' అంటారు. మెనూ ఇద్దరి ముందూ ఉంది, అందులో ఉన్న ఆ సూప్ ఏదో ఇద్దరికీ తెలుసు, అందుకని 'ది'. మెనూ చూడకుండా, అది దొరుకుతుందో లేదో తెలియకుండా అడిగితే 'డు యు హ్యావ్ ఎ సూప్?' అనో 'ఎనీ సూప్?' అనో అంటారు. భోజనం చివర బిల్లు ఎప్పుడూ 'ది బిల్' లేదా అమెరికాలో 'ది చెక్', ఎందుకంటే ఆ బల్లకు ఒకటే బిల్లు ఉంటుంది. అదే నలుగురు విడివిడిగా చెల్లించదలిస్తే 'సెపరేట్ చెక్స్' అని ఆర్టికల్ లేకుండా అడుగుతారు. ఇవన్నీ 'ది' కింద ఇచ్చిన సాధారణ సూత్రాల్లో ఇమిడే ఉన్నాయి. తెలిసినవాడు వాటిని అన్వయించుకోగలడు. తెలియనివాడు మాత్రం ఆ పొడవాటి వివరణల మధ్య మెనూ సంగతి వెతుక్కోలేడు. ఏ నిఘంటువుకైనా ఇది ఉండే పరిమితే. మాటను వివరించడం దాని పని, భోజనశాలలో జరిగే వ్యవహారాన్ని వివరించడం దాని పని కాదు. అందువల్ల 'ది' విషయంలో మాత్రం మెనూ కాగితాన్ని చేతికిచ్చి, ఇద్దరిద్దరు విద్యార్థులతో అడిగించి నేర్పడం తప్ప వేరే దారి నాకు కనబడలేదు.

నీళ్ళ విషయం డబ్బుతో ముడిపడింది కాబట్టి విడిగా చెబుతాను. కోబిల్డ్ వాటర్‌ను ప్రధానంగా లెక్కపెట్టలేని మాటగానే చూపుతుంది. కాని హోటళ్ళలో 'టూ వాటర్స్, ప్లీజ్' అన్నది రోజూ వినిపించే మాటే. రెండు గ్లాసులో, రెండు సీసాలో అన్నది ఆ చోటును బట్టి ఉంటుంది. అమెరికాలో కూర్చొని తినే హోటళ్ళలో 'ఎ వాటర్' అంటే సాధారణంగా గ్లాసులో ఐసు వేసి ఉచితంగా ఇస్తారు. బ్రిటన్‌లో అదే మాటకు సీసా వచ్చి, బిల్లులో దాని ధర కూడా చేరే అవకాశం ఉంది. అక్కడ అడగవలసింది 'సమ్ ట్యాప్ వాటర్' లేదా 'ఎ జగ్ ఆఫ్ ట్యాప్ వాటర్'. ఇంగ్లండులోనూ వేల్సులోనూ మద్యం అమ్మడానికి లైసెన్సు ఉన్న చోట, అడిగిన వినియోగదారుకు కుళాయి నీరు ఉచితంగా ఇవ్వాలని 2010 నుంచి నిబంధన ఉంది. సీసా నీరు వద్దనుకునేవారికి ఆ కొలత మాట, ఆ 'ట్యాప్' అన్న మాట రెండూ అవసరమే.

దేశాన్ని బట్టి మారే కొలతల విషయంలో కోబిల్డ్ నమ్మదగినది. పైంట్ అంటే బ్రిటన్‌లో 568 మిల్లీలీటర్లు, అమెరికాలో 473 అన్న తేడాను అది ఇస్తుంది. చిప్స్ అంటే బ్రిటన్‌లో వేడివేడిగా వేయించిన బంగాళదుంప ముక్కలనీ, అమెరికాలో అవి ఫ్రైస్ అనీ, అమెరికన్లు చిప్స్ అనేవాటిని బ్రిటిషువారు క్రిస్ప్స్ అంటారనీ గుర్తులతో సహా చెబుతుంది. కొలత మాట కూడా దాన్నిబట్టి మారుతుంది. బ్రిటన్‌లో 'ఎ ప్యాకెట్ ఆఫ్ క్రిస్ప్స్', 'ఎ పోర్షన్ ఆఫ్ చిప్స్'. అమెరికాలో 'ఎ బ్యాగ్ ఆఫ్ చిప్స్', 'ఎ సైడ్ ఆఫ్ ఫ్రైస్'. అమెరికా మెనూల్లో సూపును కప్పు, బౌల్ అని రెండు కొలతల్లో అమ్మడం సాధారణం; అక్కడ కప్పు చిన్నది, బౌల్ పెద్దది. మాంసం, చీజు కోసి అమ్మే కొట్లలో 'హాఫ్ ఎ పౌండ్ ఆఫ్ టర్కీ' అని తూకంతో అడుగుతారు. పౌండు అంటే సుమారు 454 గ్రాములు. 'హాఫ్' తరువాత 'ఎ' వస్తుందన్నదీ, 'ఎ డజన్ ఎగ్స్' అన్నప్పుడు 'ఆఫ్' రాదన్నదీ మనవాళ్ళు తరచు మరచే విషయాలు. 'టూ డజన్స్ ఆఫ్ బనానాస్' అనే అలవాటును మాన్పించడానికి నిఘంటువులో డజన్ దగ్గర ఉన్న ఉదాహరణలు చదివిస్తే చాలు.

మన వంటకాల పేర్ల విషయంలో నిఘంటువును పెద్దగా నమ్ముకోనక్కర్లేదు, ఆలోచిస్తే మనమే తేల్చుకోవచ్చు. ఇడ్లీ ఆకారం ఉన్న వస్తువు కాబట్టి 'యాన్ ఇడ్లీ', 'త్రీ ఇడ్లీస్'. ఉప్మాకు ఆకారం లేదు కాబట్టి 'సమ్ ఉప్మా', 'ఎ ప్లేట్ ఆఫ్ ఉప్మా'. ఉతప్పం అచ్చుతో మొదలవుతుంది కాబట్టి 'యాన్ ఉతప్పం'. ఇక్కడ ఒక చిక్కు మాత్రం ఉంది. మన టిఫిన్ సెంటర్లలో 'ఒక ఇడ్లీ' అంటే ఒక ప్లేటు ఇడ్లీ అని అర్థం. అందులో రెండు ఉంటాయో, మూడు ఉంటాయో, నాలుగు ఉంటాయో ఆ హోటలు ఆనవాయితీ. సర్వరు లోపలికి 'రెండు ఇడ్లీ, ఒక దోశ' అని కేకవేస్తే వంటమనిషి రెండు ప్లేట్లు పెడతాడు. ఆ అలవాటుతో పరాయి దేశంలో 'టూ ఇడ్లీ' అని అడిగితే, అక్కడి మెనూలో ఇడ్లీ ఎన్నేసి ఇస్తారో చూసుకొని అడగకపోతే పొరపాటు జరుగుతుంది. హైదరాబాదు హోటళ్ళలో సూపుకు మనం వాడే 'వన్ బై టూ' కూడా భారతదేశపు ఇంగ్లీషే. అది మంచి కొలత మాట, ఇక్కడ అందరికీ తెలుస్తుంది కూడా. బయటి దేశాల్లో మాత్రం 'కుడ్ వి షేర్ వన్ సూప్?' అనో, అమెరికాలో 'కెన్ వి స్ప్లిట్ ది సూప్?' అనో విడమరచి చెప్పవలసి వస్తుంది. ఇటువంటి మన వాడుకలకు కోబిల్డ్‌లో దారి దొరకదు. మన దేశపు ఇంగ్లీషు కొలతలను, వాటికి బయట చెల్లుబాటయ్యే రూపాలను పక్కపక్కన పెట్టి చూపే తెలుగు పుస్తకం ఒకటి రావలసిన అవసరం ఉంది.

ఇతర పుస్తకాలతో పోలిక లేకుండా ఈ సమీక్ష పూర్తికాదు. విద్యార్థుల నిఘంటువులకు దారి చూపినది హార్న్‌బీ, ఆయన సహచరులు టోక్యోలో 1942లో వెలువరించిన నిఘంటువు. తరువాతి కాలంలో ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీగా మనకు తెలిసినది అదే. జపానీ భాషలోనూ తెలుగులోలాగే ఆర్టికల్స్ లేవు కాబట్టి, ఆ దేశపు విద్యార్థులకు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుల చేతిలో ఆ పుస్తకం రూపుదిద్దుకోవడం గమనించదగ్గ సంగతి. ఏ నామవాచకం లెక్కపెట్టగలిగేది, ఏది కానిది అని ఆక్స్‌ఫర్డ్ పుస్తకం చాలా స్పష్టంగా గుర్తు పెడుతుంది. త్వరగా ఒక్క మాట చూసుకోవాలనుకునేవారికి అదే సులువు. గుర్తును చూసి తామే వాక్యం అల్లుకోగలవారికి ఆక్స్‌ఫర్డ్, వాక్యాన్ని చూసి పట్టుకునేవారికి కోబిల్డ్ అని నేను సలహా ఇస్తుంటాను. తెలుగు విద్యార్థులలో రెండో రకంవారే నాకు ఎక్కువగా తారసపడ్డారు. ఇక ఫోనులో దొరికే వాక్యాల యాప్‌లలో ఒకదాన్ని తరగతిలో వాడి చూశాను. హోటల్లో అడగవలసిన వాక్యాలను తెలుగు అర్థాలతో, చక్కని ఉచ్చారణతో ఇచ్చింది. పిల్లలు ఇష్టంగా అప్పగించారు కూడా. అయితే 'ఎ కప్ ఆఫ్ టీ' నేర్చుకున్నవారు ఆ స్థానంలో సూపునో, పాలనో పెట్టి అడగమనేసరికి నోరు మెదపలేదు. వాక్యం ఎందుకు అలా ఉందో యాప్ ఎక్కడా చెప్పలేదు. అది మొదటి వారం ధైర్యానికి పనికివస్తుంది, అంతకుమించి ఆశించకూడదు.

కోబిల్డ్‌ను ఎవరు కొనాలి? ఇంటర్మీడియట్ స్థాయి ఇంగ్లీషును సాయం లేకుండా చదువుకోగలవారికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అంతకన్నా తక్కువ స్థాయిలో ఉన్నవారికి అర్థాలన్నీ ఇంగ్లీషులోనే ఉండడం భారమే అవుతుంది. అటువంటివారు ఉపాధ్యాయుడి పక్కన కూర్చొని చదవాలి. కాలిన్స్ వెబ్‌సైటులో ఇది ఉచితంగా దొరుకుతుంది, ఉచ్చారణ కూడా వినవచ్చు. అక్కడ ఒకే పేజీలో కోబిల్డ్ అర్థాల కింద అదే సంస్థ వేరే నిఘంటువుల అర్థాలు కూడా వరుసగా వస్తాయి కాబట్టి, విద్యార్థి పూర్తి వాక్యాల్లో ఉన్న మొదటి భాగాన్నే చదవాలని ముందే చెప్పి ఉంచడం మంచిది. అచ్చు పుస్తకానికి ఉన్న లాభం వేరు. లోఫ్ కోసం తెరిచిన పేజీలో చుట్టుపక్కల మాటలు కూడా కంటపడతాయి, పెన్సిలుతో 'ఎ' కింద గీత గీసుకోవచ్చు, గ్రంథాలయంలో నలుగురు కలిసి చూడవచ్చు. కోచింగు సెంటర్లు ఒక్కొక్క ప్రతి అయినా కొని తరగతిలో ఉంచితే ఖర్చు దండగ కాదు.

నేర్పే పద్ధతి గురించి అడిగేవారికి నేను చేస్తున్నది చెబుతాను. వారానికి ఒక పదార్థం చొప్పున తీసుకుంటాం: కాఫీ, రొట్టె, కోడి, నీళ్ళు, పంచదార, బంగాళదుంప. ఆ మాట కింద కోబిల్డ్ ఇచ్చిన వాక్యాలన్నీ విద్యార్థి బయటికి చదువుతాడు, ఆర్టికల్ ఉన్న చోట, లేని చోట ఆగి ఎందుకని చెబుతాడు. తరువాత ఆ పదార్థం ఏయే పాత్రల్లో, ఏయే ముక్కలుగా అమ్ముతారో అందరూ కలిసి తెలుగులో జాబితా వేస్తారు. ఆ జాబితాను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు గరిటెడు, గిన్నెడు, ముక్క, ముద్ద అన్నవాటికి సరైన జోడీలు వెతకడానికి మళ్ళీ నిఘంటువే తెరుస్తారు. చివరగా ఒకరు కౌంటరు వెనుక, ఒకరు ముందు నిలబడి, అసలైన మెనూ కాగితం చూస్తూ అడుగుతారు. కౌంటరు వెనుక ఉన్నవారికి ఒకటే నియమం: ఎదుటివారు ఏ మాట అంటే సరిగ్గా దానికి తగినదే ఇవ్వాలి. 'ఎ చికెన్' అంటే కాగితం మీద మొత్తం కోడి బొమ్మ, 'సమ్ చికెన్' అంటే పళ్ళెంలో మాంసం బొమ్మ, 'లిటిల్ రైస్' అంటే ఖాళీ పళ్ళెం బొమ్మ చేతికి వస్తుంది. తాము అన్న మాటకు ఏ బొమ్మ వచ్చిందో చూసినవారు తరువాత ఆ ఆర్టికల్‌ను మరచిపోవడం చాలా అరుదు.